గ్యాస్ గీజరుకు గాలి ఎక్కడి నుంచి?

(విజయనగరంలో ప్లంబర్లు, గ్యాస్ మెకానిక్కులు, గృహస్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. విజయనగరం పట్టణం నుంచీ, చీపురుపల్లి, రాజాం, శ్రీకాకుళం వైపు నుంచీ గీజర్లు బిగించే మెకానిక్కులు, ప్లంబర్లు ఈ రోజు ఇక్కడికి వచ్చారు. ఇంట్లో గీజరు పెట్టించుకున్నవారు, పెట్టించుకోవాలని అనుకుంటున్నవారు కూడా కొందరు వచ్చారు. కార్తీకం దాటితే తెల్లవారుజామున చన్నీళ్లలో చెయ్యి పెట్టలేని రోజులు వస్తాయి, మెకానిక్కుల ఫోన్లకు తీరిక ఉండదు. ఆ హడావిడి మొదలు కాకముందే ఒక్క విషయాన్ని మీతో స్థిమితంగా మాట్లాడాలన్నది నా కోరిక. గోడకు గ్యాస్ గీజరు బిగించడానికి వెళ్లినవారు చేతిలోకి డ్రిల్లు తీసుకోకముందే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మంటకు గాలి ఎక్కడి నుంచి వస్తుంది? కాలిన తరువాత ఆ గాలి ఎక్కడికి పోతుంది? ఈ రెంటికీ తృప్తికరమైన జవాబు దొరికాకే నీళ్ల పైపు, గ్యాస్ ట్యూబు, సిలిండరు సంగతి చూసుకోవచ్చు.

గ్యాస్ అనగానే మనవాళ్లకు లీకు భయం, పేలుడు భయం ఉన్నాయి. ఆ భయం మంచిదే. వంట గ్యాసుకు సహజంగా వాసన ఉండదు కనుక, లీకైతే ముక్కుకు తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. అందువల్ల లీకు చాలా సందర్భాల్లో తనంతట తానే బయటపడుతుంది. గీజరు విషయంలో అంతకంటె ఎక్కువగా భయపడవలసింది లీకైన గ్యాసుకు కాదు, కాలిన గ్యాసుకు. గాలి చాలినంత ఉంటే వంట గ్యాసు కాలి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మనిషి ముక్కు దాన్ని ఏ విధంగానూ పసిగట్టలేదు.

గాలి చాలకపోవడం అంటే ఎంత తేడా అన్నది లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి మనసుకు పడితే ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గీజరు. ఆ నీళ్ల వేడిని 25 డిగ్రీలు పెంచాలంటే నీటికే సుమారు పదిన్నర కిలోవాట్ల వేడి అందాలి. వృథా పోయేది కూడా కలుపుకుంటే మంట 12 కిలోవాట్ల దాకా ఉండాలి. వంటింటి పొయ్యి మీద పెద్ద బర్నర్లు నాలుగైదు ఒకేసారి పూర్తిగా వెలిగించినంత మంట అది. ఆ లెక్కన గంటకు దాదాపు 1 కిలో గ్యాసు, అంటే 10 నిమిషాల స్నానానికి 160 గ్రాముల గ్యాసు కాలుతుంది. ఒక కిలో వంట గ్యాసు సరిగ్గా కాలడానికి పదిహేనున్నర కిలోల గాలి కావాలి కనుక, ఈ 160 గ్రాములకు రెండున్నర కిలోల గాలి, అంటే సుమారు 2 ఘనపు మీటర్లు ఖర్చవుతుంది. ఇప్పుడు 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిని తీసుకోండి. అందులో ఉన్న గాలి మొత్తం 8 ఘనపు మీటర్లకు మించదు. తలుపు, వెంటిలేటరు మూసి ఉంటే ఒక్క మనిషి స్నానం ముగిసేలోపు ఆ గదిలోని గాలిలో నాలుగో వంతు మంటకే పోయింది. అదే 10 నిమిషాల్లో ఆ మనిషి పీల్చే గాలి 80 లీటర్లు ఉంటుందేమో. మంట తీసుకున్నది 2,000 లీటర్లు. అంటే మనిషి కంటె పాతిక రెట్లు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. గాలిలో ప్రాణవాయువు 21 శాతం నుంచి రెండు మూడు శాతం తగ్గినా మనిషికి పెద్దగా తెలియదు, ఊపిరాడనట్టు ఉండదు. మంట మాత్రం అప్పటికే చెడిపోవడం మొదలవుతుంది. తాను వదిలిన గాలినే మళ్లీ తాను పీల్చుకుంటూ, క్షణక్షణానికీ ఎక్కువ మోనాక్సైడ్ కక్కుతుంది. అందుకే ఒంటరిగా ఒక్కసారి వాడినప్పుడు ఏమీ కాని గీజరు, ఇంటి నిండా చుట్టాలున్న రోజున ప్రమాదం తెస్తుంది. సిరిమానోత్సవానికి ఊళ్ల నుంచి బంధువులు దిగిన ఇళ్లను, భోగి నాడు తెల్లవారకముందే పిల్లా పెద్దా వరసగా తలంట్లు పోసుకునే ఇళ్లను తలచుకోండి. మొదట పోసుకున్నవారు బాగానే వస్తారు, రెండోవారికి తల పట్టేసినట్టు ఉంటుంది, మూడోవారు లోపల గడియ పెట్టుకున్నారంటే ఎంతసేపటికీ రారు. చలిగాలి వస్తోందని ఆ రోజే ఎవరో వెంటిలేటరుకు గోనెపట్టా కూడా కట్టి ఉంటారు.

మోనాక్సైడ్ శరీరంలో చేసే పని తేలికగానే అర్థమవుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్, ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ విషవాయువును పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని త్వరగా వదలదు. తలనొప్పి, వాంతి వచ్చేటట్టు ఉండడం, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ పోవడం, ఆ తరువాత స్పృహ తప్పడం దాని క్రమం. కాళ్లు ముందే పట్టు తప్పడం వల్ల, ఏదో జరుగుతున్నదని తెలిసినా లేచి గడియ తీయలేని పరిస్థితి వస్తుంది. మన ఇళ్లలో దీన్ని వేడి చేసిందనీ, పరగడుపున స్నానం చేయడం వల్లననీ, బీపీ పడిపోయిందనీ అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెడతారు. మరునాడు అదే గదిలోకి పంపుతారు. ఇక బాలింతల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గాలి తగలకూడదని తలుపులన్నీ బిగించి, బాగా కాగిన నీళ్లతో ఎక్కువసేపు స్నానం చేయించడం మన వైపు ఆచారం. ఆ గదిలోనే గ్యాస్ గీజరు ఉంటే బాలింత, చంటిబిడ్డ, నీళ్లు పోసే పెద్దావిడ ముగ్గురూ ఆ గాలిలోనే ఉంటారు. కడుపుతో ఉన్న స్త్రీకైతే తల్లికి కొద్దిగా అనిపించిన మోతాదే లోపలి బిడ్డకు ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే బిడ్డ రక్తం ఈ వాయువును మరింత గట్టిగా పట్టుకుంటుంది.

అందుచేత నా మాట సూటిగా చెబుతున్నాను. స్నానం చేసే మనిషీ, మంటా ఒకే గదిలో గాలి పంచుకోకూడదు. పొగగొట్టం లేని గీజరును స్నానాల గదిలో బిగించకూడదు. గీజరు చోటు ఇంటి బయటి గోడ మీద, పెరటి వసారాలో, బట్టలు ఉతుక్కునే గాలాడే చోట, బాల్కనీలో; అక్కడి నుంచి వేడినీళ్ల పైపు ఒక్కటే గోడ దాటి లోపలికి రావాలి. ఆ పైపుకు చన్నీళ్లకు వాడే తెల్ల పీవీసీ పనికిరాదు, వేడికి తట్టుకునే సీపీవీసీ గానీ లోహపు పైపు గానీ వేయాలి. గీజరు పైన వాన పడకుండా చిన్న రేకు చూరు కట్టవచ్చు కానీ చుట్టూ చెక్కపెట్టె చేయించడం, పాలిథీన్ పట్టా చుట్టడం తప్పు. మంట కనిపించే అద్దం మనిషి కంటి ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ప్రతిరోజూ ఇంటివాళ్లు చూడవలసింది ఆ మంటనే.

అపార్టుమెంట్లలో ఒక పొరపాటు తరచు జరుగుతున్నది. స్నానాల గదుల వెనక పైపుల కోసం వదిలిన సన్నని డక్టును చాలామంది బయలుగా లెక్క కడుతున్నారు. నాలుగు వైపులా గోడలు, పైన రేకు కప్పిన డక్టు బయలు కాదు. రెండో అంతస్తు గీజరు వదిలిన గాలి ఆ డక్టులోనే పైకి వెళ్లి మూడో అంతస్తువారి వెంటిలేటరులో దూరుతుంది. గీజరు ఎవరిదో తెలియదు, స్పృహ తప్పేది మరెవరో. డక్టులోకి గీజరు పొగగొట్టం తిప్పమని బిల్డరు చెప్పినా తిప్పకండి.

ఇప్పుడు మెకానిక్కులకు ఎదురయ్యే అసలు ఇబ్బంది గురించి మాట్లాడతాను. మీరు బయట పెడదామంటారు. ఇల్లాలు, "బాబూ, పక్కింటివాళ్లకు లోపలే పెట్టారు కదా, రెండేళ్ల నుంచి వాళ్లకేమీ కాలేదు. మళ్లీ గోడ పగలగొట్టడం, పైపు, టైల్సు, ఇంత ఖర్చు ఎక్కడ పెట్టమంటావు?" అంటారు. ఆవిడ అడిగినదాంట్లో అన్యాయం లేదు. ఖర్చు నిజంగానే పెరుగుతుంది. మీరు అక్కడ ఒక నిమిషం నిలబడి, "అమ్మా, పక్కింట్లో వెంటిలేటరు తెరిచి ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు. మూసిన రోజున ఏమవుతుందో నేను చెప్పగలను. బయట గోడకు వీలు లేకపోతే కరెంటు గీజరు పెట్టించుకోండి, గ్యాసుది మాత్రం లోపల నేను బిగించను" అని చెప్పాలి. మీరు కాదంటే మరొకరు వచ్చి బిగిస్తారన్న బెంగ నాకు తెలుసు. ఆ రోజు కూలి పోతుంది, అదీ తెలుసు. అయినా ఈ పనిలో కాదనడం కూడా పనిలో భాగమే. ఆ మాట మీరు ఒక్కరే అంటే మొండితనంగా కనిపిస్తుంది, ఇక్కడున్న అందరూ అంటే అదే ఊరి పద్ధతి అవుతుంది.

చలిదేశాల్లో ఇళ్లను వెచ్చబెట్టడానికి గోడకు గ్యాస్ బాయిలర్లు బిగిస్తారు. వాటికీ ఇదే సమస్య వచ్చింది. బ్రిటన్‌లో 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం స్నానాల గదిలో గ్యాస్ పరికరం పెట్టాలంటే అది గది గాలితో సంబంధం లేనిదై ఉండాలి: ఒక గొట్టంలో మరొక గొట్టం అమర్చి, బయటి దాని ద్వారా బయటి గాలిని తెచ్చుకుని, లోపలి దాని ద్వారా కాలిన గాలిని బయటికే వదులుతుంది. గదిలో ఉన్నవారి గాలిని ఆ మంట ముట్టుకోదు. గ్యాస్ పని చేసేవారు అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదై ఉండాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి నడుస్తున్నది. ఇల్లు అద్దెకిచ్చే యజమాని 12 నెలలకు ఒకసారి పరికరాలను తనిఖీ చేయించి తీరాలి. ఈ చివరి నియమం మన ఊళ్లలోనూ అద్దె ఇళ్ల యజమానులు ఎవరూ చెప్పకుండానే పాటించదగ్గది, ఎందుకంటే గీజరు యజమానిదే అయినా దాని గాలి పీల్చేది అద్దెకున్నవారు.

ఇదివరకే లోపల బిగించి ఉన్నవాటి మాటేమిటని మీరు అడగవచ్చు. మొదటి సలహా బయటికి మార్చడం. మార్చేవరకు బకెట్లు నింపుకుని, గీజరు ఆపి, తలుపు తెరిచి గది గాలి మారనిచ్చి, ఆ తరువాతే లోపలికి వెళ్లడం. పొగగొట్టం ఉన్న గీజరు వంటింటి వంటి గదిలో ఉంటే అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాను విషయంలో జాగ్రత్త పడాలి. ఫ్యాను ఉంటే గాలి బాగా ఆడుతుందని అందరూ అనుకుంటారు. ఫ్యాను గదిలోని గాలిని బయటికి తోస్తుంది కనుక అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. తలుపు, కిటికీ మూసి ఉంటే అది పొగగొట్టం గుండానే వెనక్కి వస్తుంది, తనతో పాటు కాలిన గాలినంతా గదిలోకి తెస్తుంది. అందుకే నేలకు దగ్గరగా ఒకటి, కప్పుకు దగ్గరగా ఒకటి, ఎవరూ మూయలేని జాలీలు రెండు ఉండాలి.

పొగగొట్టం కాలిన గాలిని సరిగా లాగుతున్నదో లేదో అగరుబత్తితో పరీక్షించవచ్చు. ముందు సబ్బునీటితో లీకు లేదని తేల్చుకోండి. తరువాత గది తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను పూర్తి వేగంతో పెట్టి, గీజరు వెలిగించి ఐదు నిమిషాలు నడవనివ్వండి. వెలిగించిన అగరుబత్తిని గీజరు పైభాగాన, పొగగొట్టం మొదలయ్యే చోట అంచు వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ లోపలికి లాక్కుపోతే గొట్టం పని చేస్తున్నది. పొగ తడబడి మీ ముఖం వైపు మళ్లితే ఆ గీజరును అక్కడికక్కడే ఆపేయండి, తలుపులు తెరవండి, లోపం సరిచేసేదాకా మళ్లీ వెలిగించవద్దు.

సిలిండరు, ట్యూబుల విషయం మీకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. వంట గ్యాసు గాలికంటె ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, అది నేలబారునే పాకుతుంది. సిలిండరు నిలువుగా, నేల మట్టానికి తగ్గని చోట, డ్రైనేజీ తూముకు దూరంగా ఉండాలి. ఐఎస్ఐ గుర్తున్న, లోపల తీగ అల్లిక ఉన్న సురక్షా ట్యూబే వాడాలి. ఐదేళ్ల గడువు దాని మీదే ముద్రించి ఉంటుంది. పొయ్యికి వెళ్లే ట్యూబును మధ్యలో కోసి, టీ ముక్క పెట్టి గీజరుకు లాగడం మానాలి. గీజరుకు కావలసినది ఇంటి సిలిండరు రెగ్యులేటరు ఇచ్చే తక్కువ ఒత్తిడి, సుమారు 30 మిల్లీబార్లు. మంట చాలడం లేదని హోటలు భట్టీలకు వాడే హైప్రెషరు రెగ్యులేటరు తగిలించినవారున్నారు. బర్నరు ఆ గ్యాసును కాల్చలేదు. మసి, మోనాక్సైడ్ రెండూ పెరుగుతాయి. అలాగే పైపు గ్యాసుకు తయారైన గీజరు సిలిండరుకు పనికిరాదు, రెంటి నాజిల్ రంధ్రాలూ వేరు. పరికరం మీద గ్యాస్ గీజర్ల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 15558 గుర్తు ఉందో లేదో కొనేముందే చూడమని ఇంటివాళ్లకు చెప్పండి. లీకు చూడడానికి సబ్బు నురుగు తప్ప అగ్గిపుల్ల పనికిరాదు. రాత్రివేళ లీకైతే పిలవవలసిన నంబరు 1906 అని గీజరు పక్కనే రాసి అంటించండి.

బిగించిన తరువాత, నీళ్లు వేడిగా వచ్చాయి కదా అని చేతులు తుడుచుకుని వచ్చేయకూడదు. కుళాయి తిప్పగానే మంట వెలగాలి, కట్టగానే ఆరాలి. మంట ఆరిపోతే గ్యాసును కట్టేసే సెన్సరు పని చేస్తున్నదా అని కూడా చూడాలి: నడుస్తుండగా సిలిండరు వాల్వు కట్టండి, మంట ఆరాక మళ్లీ తెరవండి, గీజరు మంట వెలగకుండా గ్యాసును వదులుతూ ఉండకూడదు. మేడ మీది ట్యాంకు ఎత్తు చాలక ఒత్తిడి తక్కువైతే గీజరు వెలగదు. అప్పుడు లోపలి నీటి స్విచ్చును తీగతో నేరుగా కలిపేసేవారిని చూశాను. నీళ్లు రాకపోయినా మంట వెలిగే ఏర్పాటు అది, రాగి గొట్టం మాడి పగులుతుంది. ఒత్తిడి పెంచడానికి ట్యాంకు ఎత్తు పెంచండి, లేదా చిన్న పంపు పెట్టండి. గాలిలో ప్రాణవాయువు తగ్గితే ఆపేసే సెన్సరు కొన్ని గీజర్లలో ఉంటుంది. అది మాటిమాటికీ ఆపేస్తోందని ఫిర్యాదు వస్తే చెడిపోయినది సెన్సరని వెంటనే తేల్చకండి, ముందు గది గాలిని అనుమానించండి.

సర్వీసు ఏడాదికి ఒకసారి తప్పనిసరి. సోంపేట, బారువ, కళింగపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రేకు, బర్నరు త్వరగా తుప్పు పడతాయి కనుక అక్కడ ఆరు నెలలకోసారి చూడాలన్నది నా అభిప్రాయం. వెళ్లగానే మూత విప్పకండి. ముందు వెలిగించి మంట చూడండి. నీలంగా, నిటారుగా, అంచులు స్పష్టంగా ఉంటే మంచిది. కొనలు పసుపు పచ్చగా సాగి, నీళ్లు కాగే గొట్టం చుట్టూ ఉండే రాగి రెక్కలను నాకుతూ ఉంటే గాలి అందడం లేదు. మూత తీశాక కారణం సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తుంది. బర్నరు గాలి పీల్చుకునే మూతుల దగ్గర సాలెపురుగులు గూళ్లు కడతాయి, వేసవంతా వాడకుండా వదిలేసిన గీజర్లలో ఇది మరీ ఎక్కువ. మెత్తని బ్రష్షుతో, ఊదుడు గాలితో శుభ్రం చేయాలి. నాజిల్ రంధ్రాన్ని పిన్నుతో పొడవకండి, వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాసు కొలత తప్పుతుంది. రెండోది, పైనున్న రాగి రెక్కల మధ్య మసి. అక్కడ మసి పేరుకుంటే కాలిన గాలి పైకి పోలేక కిందికి చిమ్ముతుంది, మంట ఇంకా చెడుతుంది, మసి ఇంకా పెరుగుతుంది. రెక్కలను విప్పి కడిగి, ఆరబెట్టి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ప్రతి సందులోంచీ వెలుతురు కనపడాలి. బోరు నీళ్ల ఇళ్లలో గొట్టం లోపల గార కడుతుంది, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి కరిగించాలి. ఇవి కాక నీటి ఫిల్టరు, సెల్లులు, ట్యూబు గడువు చూసి, మళ్లీ సబ్బునీళ్లు రాసి ముగించండి. చేతిలో ఇమిడే మోనాక్సైడ్ మీటరు ఇప్పుడు దొరుకుతున్నది. ఈ వృత్తిలో స్థిరంగా ఉండదలచినవారు నలుగురు కలిసైనా ఒకటి కొనండి. మసి లేని మంట కూడా మోనాక్సైడ్ వదలగలదు, దాన్ని పట్టిచ్చేది మీటరే.

ఇక ప్రమాదం జరిగితే ఏం చేయాలో గృహస్థులు శ్రద్ధగా వినండి. స్నానాల గదికి బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి. లోపలివారు పలకకపోతే తలుపు తెరిచి, సిలిండరు కట్టి, మనిషిని వెంటనే ఆరుబయటికి లాక్కురండి. మీరూ ఆ గదిలో నిలబడి సపర్యలు చేయకండి. 108కి ఫోను చేయండి. మూర్ఛ అనో, గుండెపోటు అనో పొరపడడం ఆసుపత్రుల్లోనూ జరుగుతుంది. వైద్య పత్రికల్లో గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అన్న పేరు కనిపించేంతగా ఇది మన దేశంలో ఉంది. కనుక అంబులెన్సులోనూ, డాక్టరు దగ్గరా మొదటి మాటగా, "గ్యాస్ గీజరు నడుస్తుండగా తలుపులు మూసిన బాత్రూములో పడిపోయారు" అని చెప్పండి. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఈ విషాన్ని ప్రాణవాయువు నుంచి వేరు చేసి చూడలేదు, 98 అని చూపిస్తున్నా లోపల రక్తం నిండా మోనాక్సైడే ఉండవచ్చు. రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్, ఎంత ఉందో పరీక్ష చేస్తే తెలుస్తుంది. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట గంటన్నరలో సగానికి తగ్గుతుంది. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఇంటికి తెచ్చేయకండి; మతిమరుపు, నడకలో తడబాటు కొందరికి రోజులు, వారాలు గడిచాక బయటపడతాయి. అదే గదిలో అంతకు ముందు స్నానం చేసి తలనొప్పిగా ఉందన్నవారిని కూడా వారితోపాటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.